గేటు మూసిన చెయ్యి

"సోమవారమే కావాలమ్మా. వచ్చే నెల దాకా ఆగే పని కాదిది. నాకు కాదు, మా ఆయనకి. ఆఁ, మతిమరుపే," అంటోంది గ్లెనిస్ ఫోన్లో.

ఆ 'మా ఆయన' రెండడుగుల దూరంలోనే వంటింటి బల్ల దగ్గర కూర్చుని టోస్టుకి వెన్న రాస్తున్నాడు. రాసిన చోటే మళ్లీ రాస్తున్నాడు. డెబ్బై దాటినా నెవిల్ చెవులకి ఏ లోటూ లేదు. కొండ అవతల ఉరిమితే ఊళ్లో అందరికంటే ముందు ఆయనే వింటాడు. పెళ్లాం గొంతు వినపడదా?

గ్లెనిస్ పాత స్నేహితురాలు నోలా సింకు దగ్గర నిలబడి కడిగిన కప్పునే కడుగుతోంది. చుట్టపుచూపుగా వచ్చిన మనిషికి ఇంటివాళ్ల తగాదాలో తలదూర్చే హక్కు లేదు. బయటికి పోదామంటే దారీ లేదు, వాళ్లిద్దరూ వాకిలికి అడ్డంగానే ఉన్నారు.

గ్లెనిస్ ఫోన్ పెట్టేసి గోడ మీది కేలండర్లో సున్నా చుట్టింది. "సోమవారం పొద్దున. హార్షమ్‌లో, డాక్టరు దగ్గర."

"నాకు చెప్పు. గోడకెందుకు చెప్తావు?" అన్నాడు నెవిల్.

"గోడకి చెప్తే నిలుస్తుంది."

నెవిల్ కత్తి పక్కన పెట్టాడు. ఆయన చొక్కాకి ఇంకా డీజిల్ వాసన పోలేదు. నిన్నంతా పక్క పొలం ట్రెవర్ ట్రాక్టర్ తెచ్చి గొయ్యి తీస్తే, చచ్చిన గొర్రెల్ని ఒక్కొక్కటే అందులోకి దింపాడు. ముప్పై దాకా ఉన్నాయి. అన్నీ చూడి గొర్రెలే.

తీసి ఉండాల్సిన గేటు మూసి ఉంది, అంతే జరిగింది. ఎండిపోయిన ఆ బీడులోంచి పక్క బీడులోని నీళ్ల తొట్టి దగ్గరికి పోవాలంటే ఆ గేటొక్కటే దారి. అక్కడ ఫిబ్రవరి అంటే నడివేసవి, ఎండ కొలిమిలా కాలుతోంది. నీళ్ల వాసన తగులుతుంటే మంద మందంతా గేటు మీద పడి, ఒకదాన్నొకటి తొక్కుకుని చచ్చాయి. ఆ పూట నెవిల్ తన బండిలో ముందు, ఆడవాళ్లిద్దరూ కారులో వెనక, ఆ గేటు దాటి గులాబీ రంగు ఉప్పు సరస్సు చూడ్డానికి డింబూలా వైపు వెళ్లారు. భోజనం అక్కడే కానిచ్చి, చీకటి పడ్డాక హైవే మీదుగా ఇల్లు చేరారు. మర్నాడు పొద్దున గానీ ఎవరికీ తెలీలేదు.

"నేను తీశాను, గ్లెన్," అన్నాడు నెవిల్ నెమ్మదిగా. "గొలుసు వెనక్కి లాగి స్తంభానికి తగిలించాను. తుప్పు అరచేతికి అంటితే ప్యాంటుకి తుడుచుకున్నాను కూడా."

"నీ బండి వెనకాలే కదా మా కారొచ్చింది? వచ్చేసరికి మూసే ఉంది. నోలా దిగి తీసింది, మేం దాటాక మళ్లీ వేసింది. గేటు ఎలా కనపడితే అలాగే వదలాలని దానికి పాఠం చెప్పింది నువ్వే కదూ? ఏమే నోలా?"

నోలా కప్పుని మళ్లీ కుళాయి కింద పెట్టింది.

"ఊఁ," అంది. ఊఁ కొట్టిందో, గొంతు సవరించుకుందో ఆమెకే తెలీదు. నెవిల్ మాత్రం ఊఁ అన్నట్టే తీసుకున్నాడు. తల దించుకున్నాడు.

ఆ గేటు బార్లా తీసి ఉంది. నోలా రెండు కళ్లతో చూసింది. కారు దాటగానే దిగి, బుద్ధిమంతురాలిలా లాగి మూసి, గొలుసు బిగించింది నోలాయే.

ఆ పల్లెల్లో గేటు పని పక్క సీటులో కూర్చున్నవాళ్లది. వచ్చిన రోజు నుంచీ గేటు కనపడితే చాలు, నోలా చిన్నపిల్లలా దూకి దిగేది. మెల్‌బోర్న్‌లోని ఫ్లాట్లో ఆమె లేచినా, పడుకున్నా, తిన్నా, పస్తున్నా అడిగే నాథుడు లేడు. భర్త మెర్వ్ పోయి రెండేళ్లయింది. పిల్లల్లేరు. ఇక్కడ గేటు తీసి వేస్తే నెవిల్ కిటికీలోంచి తల బయట పెట్టి "భేష్, నోలా, నిన్ను జీతానికి పెట్టుకోవచ్చు" అనేవాడు. ఆ మాటకి రోజంతా కడుపు నిండి ఉండేది.

ఎలా కనపడితే అలాగే వదలాలని నెవిల్ మొదటి రోజే చెప్పాడు. నోలా తలూపింది. కానీ దారిలో తగిలినవన్నీ మూసిన గేట్లే. తీసి ఉన్న గేటు ఎదురయ్యేసరికి, పాపం నెవిల్ మర్చిపోయాడనుకుంది. పట్నం బుద్ధి! మూసిన గేటుకి పనుంటుందని తెలుసు గానీ, తెరిచిన గేటుకీ ఒక పనుంటుందని తట్టలేదు.

కళేబరాల దగ్గర నిలబడి "మీరొచ్చేసరికి ఎలా ఉంది గేటు?" అని నెవిల్ అడిగాడు. నోలా నోరు తెరిచే లోపే గ్లెనిస్ "మూసే ఉంది" అనేసింది. అప్పుడే కాదని ఉంటే అయిపోయేది. అప్పుడు అనలేదు, సాయంత్రం అనలేదు, నిన్నా అనలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు కుట్టుకుని కూర్చుంది.

"సరే, లేవండి లేవండి," అంది గ్లెనిస్ చేతులు తుడుచుకుంటూ. "నోలాకి జలపాతం చూపిస్తామని మాటిచ్చాం. ఇంట్లో కూర్చుని ఏడిస్తే గొర్రెలు లేచొస్తాయా?"

"ఇవాళ వద్దులే, గ్లెనిస్," అంది నోలా.

"ఎందుకొద్దు? ఐస్ పెట్టె సర్దేశాను. శాండ్‌విచ్‌లు చేసేశాను."

చుట్టం పేరు చెప్పి ఊళ్లు తిరగడమే ఆ ఇంటికి మందు. నోలా వచ్చాక ఒక రోజు రంగులేసిన ధాన్యపు గాదెలు చూశారు, ఒక రోజు ద్రాక్షతోటలు చూశారు. కారులో ఉన్నంతసేపూ అదిగో చూడు, ఇదిగో చూడు. ఇంటికొచ్చాక మొగుడూ పెళ్లాల మధ్య ఒక్క ముక్క ఉండదు. తనని చూడాలని పిలిచారో, ఇద్దరే ఎదురెదురుగా కూర్చోలేక పిలిచారో నోలాకి ఇప్పుడిప్పుడే అనుమానం వస్తోంది.

నెవిల్ లేచి, మేకుకి తగిలించిన కారు తాళాలు తీసి భార్య ముందు పెట్టాడు.

"నువ్వు నడుపు," అన్నాడు.

నలభై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట గ్లెనిస్ కూడా విని ఉండదు. తాళాలు వెంటనే అందుకోలేకపోయింది.

*

కారులో నెవిల్ ముందు సీట్లో, పక్కన కూర్చున్నాడు. నోలా వెనక, ఐస్ పెట్టెతో పాటు.

దారికి రెండు వైపులా కోసేసిన గోధుమ పొలాల మోళ్లు. దూరంగా గ్రాంపియన్స్ కొండలు నీలంగా కనిపిస్తున్నాయి. ఎదురొచ్చిన ప్రతి బండికీ నెవిల్ మోకాలి మీదున్న చెయ్యి చూపుడువేలు లేపుతోంది. ఆ దారిలో నడిపేవాడు స్టీరింగు మీంచి వేలెత్తి పలకరించడం ఆనవాయితీ. ఇవాళ స్టీరింగు ఆయన చేతిలో లేదు. మోకాలి మీద లేచిన వేలు ఎవరికి కనపడుతుంది?

గ్లెనిస్ రెండు చేతులూ బిగించి పట్టుకుంది. ఒక్క వేలూ కదపలేదు.

"ఏసీ పెంచనా?" అంది కాసేపటికి.

"నీ ఇష్టం."

"చలేస్తుందేమో నీకు."

"వెయ్యదు."

ట్రెవర్ బండి ఎదురొచ్చింది. నెవిల్‌ని పక్క సీట్లో చూసి, ఒక వేలు సరిపోయే చోట చెయ్యంతా ఎత్తాడు. అది పలకరింపు కాదు, పరామర్శ. నెవిల్ వేలు ఈసారి లేవలేదు. ఆ తర్వాత ఎదురొచ్చిన బండ్లకీ లేవలేదు.

"ఊళ్లో అందరికీ చెప్పేశావన్నమాట," అన్నాడు.

"నేను చెప్పక్కర్లేదు. గొయ్యి తవ్విందే ట్రెవర్."

"గొయ్యి సంగతి కాదు. డాక్టరు సంగతి."

గ్లెనిస్ ఏసీ ఒక గీత పెంచింది. వెనక సీట్లో నోలా కిటికీ వైపు తిరిగింది. మాట్లాడదామంటే ఏ మాటెత్తినా అది గేటు దగ్గరికే పోయేలా ఉంది. మూడు మనసులు ఒకే కారులో, ఎవరి మూల వాళ్లది.

*

బొరోకా కొండ అంచున బండి ఆపారు. కింద లోయలో హాల్స్ గ్యాప్ ఊరి ఇళ్లు, చెరువు, ఆపైన కనుచూపు మేరా చదును నేల. గ్లెనిస్ ఫోన్‌కి అక్కడ సిగ్నల్ అందింది. పెర్త్‌లో ఉన్న కూతురు షెరిల్‌తో మాట్లాడాలంటూ ఎడంగా వెళ్లింది. "ఆఁ, సోమవారమే... లేదు, ఒప్పుకున్నాడు..." అన్న ముక్కలు గాలికి కొట్టుకొస్తున్నాయి.

నెవిల్, నోలా కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"అదిగో, ఆ తెల్లటి గాదె ఉందే, దానికి ఎడమ పక్క మాది," అన్నాడు నెవిల్. అని ఒక్క క్షణం ఆగి, "మాదేనా? కుడి పక్కా?" అన్నాడు. అడిగింది నోలాని కాదు.

"ఎడమ పక్కే, నెవిల్."

"నువ్వు నర్సుగా చేశావుగా. ఒక మాట అడుగుతాను, దాపరికం లేకుండా చెప్పాలి. మతి పోవడం మొదలైతే మనిషికి తెలుస్తుందా?"

"కొందరికి తెలుస్తుంది. కొందరికి తెలీదు."

"నేను ఏ రకం?"

నోలా కింద లోయలోని చెరువు వైపు చూసింది.

"గొర్రెలు పోయాయి, అది వేరే బాధ," అన్నాడు నెవిల్. "కరువొస్తే పోతాయి, వరదొస్తే పోతాయి. గేటు తియ్యడం మర్చిపోయానంటే సరేలే, ముసలాణ్ణి. కానీ నేను మర్చిపోలేదు, నోలా. తీసినట్టు గుర్తుంది. ఆ తుప్పు కూడా గుర్తుంది. గ్లెన్ ఏమో మూసే ఉందంటోంది, నువ్వు ఊఁ అంటున్నావు. మీరిద్దరూ ఎందుకు అబద్ధం చెప్తారు? అంటే, నా వెనకాల నా చెయ్యే గేటు మూసేసింది. నాకు చెప్పకుండా. అంత బాగా గుర్తున్నదే జరగలేదంటే, మిగతావాటి సంగతేంటి?"

"మిగతావేంటి?"

"మా అమ్మ ఆఖరున నాతో ఒక మాట అంది. అందో లేదో! గ్లెన్‌ని మొదటిసారి డాన్సులో చూసిన రోజు నీలం గౌను వేసుకుంది. నీలమేనా అసలు?"

"నీలమే. ఆ గౌను నాదే. హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. అడిగి తీసుకుని, కింద అంచు చింపి ఇచ్చింది."

నెవిల్ నవ్వాడు. రెండు రోజుల్లో అదే మొదటిసారి. "హమ్మయ్య. ఒకటి మిగిలింది."

నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"నిన్న పక్క మీద పడుకుని, చిన్నప్పట్నుంచి పెంచిన కుక్కల పేర్లు వరసగా చెప్పుకున్నాను. అన్నీ వచ్చాయి. కానీ వచ్చినవి సరైనవో కాదో చెప్పేవాళ్లెవరున్నారు? అందరూ పోయారుగా."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గాలి వల్ల కాదు. నోలా ఆయన మోచెయ్యి పట్టుకుంది. "నెవిల్, ఆ రోజు గేటు..." అని మొదలుపెట్టింది.

"షెరిల్ నిన్ను అడిగానంది," అంటూ గ్లెనిస్ వచ్చేసింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏంటి విశేషాలు?"

"ఏం లేదు. నోలా గౌను నువ్వు చింపావట," అన్నాడు నెవిల్ కళ్లు తుడుచుకుని.

*

జలపాతం దగ్గర మెట్లు నిటారుగా దిగుతాయి. నెవిల్ మోకాలు ఒప్పుకోదు.

"మీరెళ్లిరండి. బల్ల దగ్గర టీ పోసి ఉంచుతాను. అదైనా చేతనవుతుందో లేదో చూద్దాం," అన్నాడు.

సగం మెట్లు దిగాక నోలా ఆగిపోయింది. కింద నీళ్ల హోరు. ఎంత గట్టిగా మాట్లాడినా పైకి వినపడదు.

"గేటు తీసే ఉంది, గ్లెనిస్. మూసింది నేను."

గ్లెనిస్ వెనక్కి తిరిగి చూడలేదు. ఒక మెట్టు దిగింది, ఆగింది.

"తెలుసు," అంది.

"తెలుసా?"

"అద్దంలో చూశాను. చూశాను గానీ బుర్రకెక్కలేదు. నీతో పోర్ట్ ఫెయిరీ ఒడ్డునున్న ఇళ్ల గురించి చెప్తూ ఉన్నా కదా, సముద్రం గొడవలో పడి కొట్టుకుపోయాను. ఇన్నేళ్లు గొర్రెల మధ్య బతికినదాన్ని, నాకుండొద్దూ? మర్నాడు ఆ గొర్రెల గుట్ట చూడగానే నీ చెయ్యి గొలుసు మీద ఉండటం కళ్లముందు కదిలింది."

"మరి ఆయనతో అలా ఎందుకన్నావే?"

"నిన్ను కాపాడదామనే! ఒట్టు. ఇంటికొచ్చినదాన్ని ముప్పై గొర్రెల్ని చంపావని ఎలా నిలబెట్టను? నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత ఆయన మొహం చూశాను. భయపడ్డాడు, నోలా. ఏడాదిగా డాక్టరు దగ్గరికి రావయ్యా అంటే నా మీద లేచేవాడు. రెండుసార్లు కెటిల్ మాడ్చాడు. గొర్రెల మందు తెస్తానని ఊళ్లోకి వెళ్లి ఉత్త చేతులతో వచ్చి, నేను వెళ్లనే లేదన్నాడు. ఇవి నేను కల్పించినవా? ఆ గేటు పుణ్యమా అని ఇవాళ వస్తానన్నాడు."

"నిజం చెప్పి కూడా తీసుకెళ్లొచ్చు."

"ఆయనతో కాపురం చేసింది నువ్వా, నేనా? నిజం తెలిస్తే ఇంక పట్టగలమా? చూశావా, నా బుర్ర గుండ్రాయిలా ఉంది, నీకే చాదస్తం అంటాడు. ఈ జన్మకి మళ్లీ డాక్టరు గడప తొక్కడు."

"డాక్టరు ఒక్కడేనా? పొలం సంగతి కూడా కదూ?"

గ్లెనిస్ ఇప్పుడు తిరిగింది. మొహం ఎర్రగా ఉంది.

"అవును, పొలం కూడా! ట్రెవర్ కొంటానని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. చచ్చేదాకా నేను ఆ దుమ్ములోనే ఉండాలా? నాకక్కడ మాట్లాడ్డానికి ఎవరున్నారే? పొద్దున లేచి రేడియోకి గుడ్ మార్నింగ్ చెప్తాను, తెలుసా నీకు?"

"నేను కూడా రేడియోకే చెప్తాను," అంది నోలా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాల్సిన మాటే. ఎవరికీ నవ్వు రాలేదు.

"ఆంటీ, మీ ఇద్దరికీ ఫోటో తియ్యనా? వెనకాల జలపాతం భలే పడుతుంది," అంటూ కింద నుంచి ఎక్కుతున్న ఒక అమ్మాయి చెయ్యి చాపింది. ఎవరో యాత్రికురాలు, టోపీ కింద నవ్వుమొహం.

గ్లెనిస్ ఫోన్ ఇచ్చింది. నోలా భుజం మీద చెయ్యేసింది. నోలా ఆమె నడుం చుట్టూ చెయ్యేసింది.

"నవ్వండి, నవ్వండి! అక్కాచెల్లెళ్లా?"

"స్నేహితురాళ్లం," అంది గ్లెనిస్ పళ్లు బిగబట్టి నవ్వుతూ.

ఆ అమ్మాయి వెళ్లిపోయినా గ్లెనిస్ చెయ్యి తియ్యలేదు. గొంతు తగ్గించి చెవి దగ్గర అంది.

"గోడకి గోడ ఆనుకుని రెండు చిన్న ఇళ్లు. కిటికీ తీస్తే సముద్రం. ఒకటి మాకు, ఒకటి నీకు. మార్చి ఆఖరుకి నీ ఫ్లాటు ఖాళీ చెయ్యాలన్నావు. ఎక్కడికి పోతావు? ఎవరున్నారు నీకు? నిన్ను వదలనని అన్నానా లేదా? ఆయన పొలం వదిలితేనే నాకా సముద్రం, నీకా ఇల్లు. అంతే. నిన్ను బెదిరించడం లేదు. ఉన్న మాట చెప్తున్నాను."

బెదిరించి ఉంటే బాగుండేది. కోపమైనా వచ్చేది. గ్లెనిస్ కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి, నిజంగానే నోలాని పక్కింట్లో పెట్టుకోవాలన్న ఆశ ఉంది.

జలపాతం దాకా దిగకుండానే ఇద్దరూ వెనక్కి తిరిగారు.

ఎక్కుతున్నంతసేపూ నోలా చెప్పకూడదనే అనుకుంది. సోమవారం ఎంత దూరం? డాక్టరు చూస్తాడు. జబ్బుంటే ఉందంటాడు, లేదంటే లేదంటాడు. మధ్యలో తను నోరు తెరిచి ఏం ఒరగబెడుతుంది? నోలాకి ఒంటరితనం కొత్త కాదు, కానీ భయం కొత్త. సాయంత్రం పూట వంటింట్లో నిలబడే తినేసి ప్లేటు కడిగేసుకోవడం, ఫోన్ మోగితే ఏదో అమ్మేవాళ్లే అయినా కాసేపు మాట్లాడించడం ఆమెకి అలవాటే. ఇప్పుడా ఫ్లాటు కూడా ఉండదు. గోడ అవతల గ్లెనిస్ దగ్గినా వినపడే ఇల్లు! దాన్ని చేతులారా కాలదన్నుకుంటారా ఎవరైనా?

కాలదన్నుకోకూడదు. అంతే. నోలా గట్టిగా అనుకుంది.

*

బల్ల మీద మూడు కప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. నెవిల్ థర్మోస్ పక్కన, చెంచా పట్టుకుని కూర్చున్నాడు.

"వచ్చారా. నీళ్లు బాగా పడుతున్నాయా?" అన్నాడు. సమాధానం కోసం ఆగకుండా నోలా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు చక్కెర వేసుకుంటావా, వేసుకోవా? వచ్చిన దగ్గర్నుంచీ రోజూ నేనే కలుపుతున్నాను. రెండు చెంచాలని నా చేతికి తెలుసు. కానీ నా చేతిని నమ్మొచ్చో లేదో తెలీక వెయ్యకుండా కూర్చున్నాను."

రెండు చెంచాలే. మెర్వ్ పోయాక నోలా టీలో చక్కెర వేసిన మనిషి నెవిల్ ఒక్కడే.

"నెవిల్," అంది నోలా. నిలబడే అంది. "ఆ గేటు తీసే ఉంది. నువ్వు తీశావు, గొలుసు స్తంభానికే ఉంది. మూసింది నేను. తెలీక మూశాను. నీకేమీ కాలేదు."

గ్లెనిస్ ఐస్ పెట్టె మూత తెరవబోతూ అలాగే ఉండిపోయింది. పక్క బల్ల దగ్గర ఎవరో పిల్లలు రొట్టెముక్క కోసం కొట్టుకుంటున్నారు.

నెవిల్ తలెత్తి నోలాని చూశాడు. ఆ మొహం మీద కోపం రాలేదు. మెల్లగా ఒక చిరునవ్వు వచ్చింది.

"నువ్వు మంచిదానివి," అన్నాడు.

"మంచితనం కాదు, నిజం!"

"మొన్న గుట్ట దగ్గర అడిగినప్పుడు ఏమీ అనలేదు. నిన్నంతా ఇంట్లోనే ఉన్నావు, అనలేదు. పొద్దున గ్లెన్ అడిగితే ఊఁ అన్నావు. ఇందాక కొండ మీద నేను పసివాడిలా కళ్లనీళ్లు పెట్టుకున్నాను, ఇప్పుడంటున్నావు." చెంచా బల్ల మీద పెట్టాడు. "నర్సులందరూ ఇంతేనా? రోగి ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టడమేనా?"

"నా మాట విను, నెవిల్. భయపడి చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు. నా చేతులతో నేనే..."

"సరే, వాదనెందుకు? గ్లెన్ పక్కనే ఉందిగా." ఆయన భార్య వైపు తిరిగాడు. గొంతులో పొద్దుటి పెళుసుదనం లేదు. నలభై ఏళ్ల నుంచి నమ్మిన మనిషిని అడుగుతున్నట్టే అడిగాడు. "నువ్వు చెప్పు, గ్లెన్. మనం ఎన్ని పోట్లాడుకున్నా, నువ్వు నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. గేటు తీసి ఉందా, మూసి ఉందా? నువ్వేదంటే అదే."

గ్లెనిస్ మూత మీద చెయ్యి అలాగే ఉంచి భర్తని చూసింది. తర్వాత నోలాని చూసింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, చెప్పేస్తుందనే అనుకుంది నోలా.

"మూసే ఉంది, నెవిల్," అంది గ్లెనిస్. "పాపం, నిన్ను చూసి తట్టుకోలేక అంటోంది."

అని, శాండ్‌విచ్‌ల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. పొట్లం విప్పడం మొదలుపెట్టింది.

నెవిల్ తలూపాడు. ఏదో బరువు దిగినవాడిలా తలూపాడు. ముందుకి వంగి నోలా చేతిని తన మొరటు అరచేతిలోకి తీసుకున్నాడు.

"సోమవారం నువ్వూ రావాలి, నోలా. డాక్టరు అడిగినవాటికి నేను చెప్పేది సరో కాదో పక్కనుండి నువ్వే చెప్పాలి. నర్సువి, డాక్టరు ముందు ఊరడింపు మాటలు చెప్పవు. గ్లెన్ వల్ల కాదు. ఎంతైనా పెళ్లాం, నన్ను వెనకేసుకొస్తుంది."

గ్లెనిస్ చేతిలోని పొట్లం చప్పుడు ఆగిపోయింది.

"వస్తాను," అంది నోలా. నెవిల్ వైపు కాదు, గ్లెనిస్ వైపు చూస్తూ అంది.